సలీం ఇంటికి వచ్చాడు

డిసెంబరు 12

అక్కా,

ఓడ రేవు వదిలేలోగా ఈ ఉత్తరం వేయాలని ఇంజను గదిలోంచి సరాసరి వచ్చి రాస్తున్నాను. కాగితం మీద మరకలు కనిపిస్తే కంగారుపడకు, కన్నీళ్ళు కావు, గ్రీజు.

నా పని మామూలే. యంత్రానికి నూనె పోయడం, అది మింగిందో లేదో చూడటం. ఈసారి ఓడలో కొత్త ఎలక్ట్రీషియను చేరాడు. అతని మాతృభాష అరబీ. అందరూ కరెంటాయన అంటారు. తక్కువ మాట్లాడతాడు, టీ మాత్రం ఎక్కువ తాగుతాడు. నాకు బాగానే కుదిరింది.

అసలు సంగతి ఇది. మా వంటవాడు సెలవు ముగించుకుని మొన్న వచ్చాడు. మన పాత వీధివాడే. సలీం బావని లారీల అడ్డా దగ్గర చూశాడట. విడాకులై ఐదేళ్ళయినా నా చేతికి ఇంకా బావ అనే రాయడం అలవాటు, ఏమీ అనుకోకు. మనిషి చిక్కిపోయాడట. నువ్వెక్కడున్నావు, ఏం చేస్తున్నావు అని అడిగాడట. అడిగినవాడు వస్తాడు. పదకొండేళ్ళ కాపురంలో ఆయన ఎన్నిసార్లు చెప్పకుండా పోయాడో, ఎన్నిసార్లు ఏమీ జరగనట్టు వచ్చి కంచం ముందు కూర్చున్నాడో నీకంటే ఎవరికి తెలుసు. నువ్వేమో వచ్చినప్పుడల్లా వడ్డించావు.

తలుపు గడియ బాగు చేయించుకో. కింది వాటాలో ఉండే మీ ఇంటి ఓనరు పెద్దమ్మగారిని కాస్త కనిపెట్టి ఉండమని చెప్పు.

ఇక సైరను మోగుతోంది.

నీ తమ్ముడు

&nbsp;

జనవరి 9

తమ్ముడూ,

నీ గ్రీజు ఉత్తరం అందింది. గడియ బాగానే ఉంది. ఆయన సంగతి వదిలెయ్. అడగడం ఆయనకి ఊసుపోక. వంటవాడు కనిపించాడు కాబట్టి నేను గుర్తొచ్చాను. ఇస్త్రీవాడు కనిపిస్తే ఇస్త్రీ బట్టలు గుర్తొచ్చేవి.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. కూర్చుని చదువు.

మా కళ్ళజోళ్ళ దుకాణానికి ఏడాదికోసారి పిల్లల ఆశ్రమం నుంచి పిల్లల్ని తీసుకొస్తారు, చూపు పరీక్షకి. డాక్టరు ముందు గదిలో చూస్తాడు. నేను వెనక గదిలో అద్దాల అంచులు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాను. బిగించాక చెవుల వెనక సరిగ్గా కూర్చుందో లేదో చూడాలి కదా, అందుకని ఒక్కొక్కళ్ళనీ నా ఎదుట స్టూలు మీద కూర్చోబెడతారు. పోయిన నెల వచ్చిన పిల్లల్లో ఒకమ్మాయి కళ్ళజోడు పెట్టుకుని నా మొహం కేసి తేరిపార చూసి, "నీకు ఇక్కడ పుట్టుమచ్చ ఉంది" అంది. అంతే. వాళ్ళు వెళ్ళిపోయాక అరగదీసే చక్రం ఆపేసి, నా మొహాన్ని అంత శ్రద్ధగా ఎవరైనా చూసి ఎన్నాళ్ళైందో లెక్కపెట్టుకున్నాను. ఆ తర్వాత వారం ఆశ్రమానికి వెళ్ళి దరఖాస్తు పెట్టాను, ఒక బిడ్డని పెంచుకుంటానని.

ఒంటరి ఆడదానికి ఇస్తారా అని నువ్వడుగుతావు. ఇస్తారట. ముందు ఆరు నెలలు బిడ్డని మన దగ్గర ఉంచి చూస్తారు. ఒక ఆఫీసరమ్మ వచ్చి ఇల్లూ వాకిలీ చూసి వెళుతూ ఉంటుంది. అంతా బాగుంటే కోర్టులో ఖాయం చేస్తారు. నాకేమైనా అయితే బిడ్డ బాధ్యత ఎవరిది అని ఒక గడి ఉంది. అందులో నీ పేరు రాశాను. అడక్కుండా రాసినందుకు తిట్టుకో, ఫరవాలేదు. ఆ గడిలో రాయడానికి నాకు ఇంకెవరున్నారు?

ఆడపిల్లో మగపిల్లాడో, ఏం పేరో, ఇంకా ఏమీ తెలియదు. పక్క గదిలో పాత సామాను తీసేసి సున్నం వేయించాను.

నువ్వు చెప్పిన రేవు చిరునామాకే ఇది పంపుతున్నాను. జవాబు రాయి.

అక్క

&nbsp;

ఫిబ్రవరి 16

తమ్ముడూ,

నీ జవాబు రాలేదు. సముద్రం మీద ఉండి ఉంటావు. తర్వాతి రేవు చిరునామా కంపెనీవాళ్ళని అడిగి దీన్ని అక్కడికి వేస్తున్నాను. వివరాలన్నీ మొన్నటి ఉత్తరంలో రాశాను కాబట్టి మళ్ళీ రాయను.

సలీం ఇంటికి వచ్చాడు. రెండు వారాలైంది.

ఇన్ని పేర్లుండగా మళ్ళీ ఆ పేరే నా గుమ్మం ఎక్కింది. నువ్వేమంటావో నాకు తెలుసు. నేనూ మొదట తలుపు గడియ మీదనుంచి చెయ్యి తీయలేదు. తర్వాత లోపలికి రమ్మన్నాను.

మాటలు తక్కువ. పెట్టింది తింటాడు, ఇంకా కావాలని మాత్రం అడగడు. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడతాడు. ఇన్నాళ్ళూ ఎక్కడెక్కడ ఉన్నాడో, ఏం పడ్డాడో నేను అడగను. చెప్పాలనిపించినప్పుడు చెబుతాడు. కొత్త చెప్పులు కొన్నాను. వాటిని తల దగ్గర పెట్టుకుని పడుకుంటున్నాడు, ఎవరైనా ఎత్తుకుపోతారన్నట్టు. నేను దుకాణం నుంచి వచ్చేసరికి కిటికీ దగ్గరే ఉంటున్నాడు.

ఇల్లు మునుపటిలా లేదు. అంతకంటే ఎలా చెప్పాలో తెలియదు. ఆరు నెలలు గడిచాక కోర్టులో కాగితాల మీద ఖాయం చేసుకుంటాను. ఈ విషయంలో ఎవరేమన్నా వెనక్కి తగ్గను, నువ్వు తప్ప. నీ మాట కోసం చూస్తూ ఉంటాను.

అక్క

&nbsp;

మార్చి 11

అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. రెండుసార్లు చదివాను, తప్పు చదివానేమోనని.

నీకు మతి పోయిందా? వాణ్ణి ఇంట్లోకి ఎందుకు రానిచ్చావు? ఒక్కదానివి హాయిగా బతుకుతున్నావు, నీ పని నీకుంది, నీ గది నీకుంది. కోరి తలనొప్పి తెచ్చుకోవడం కాకపోతే ఏమిటిది. తిండి పెడతావు, బట్టలు కొంటావు, చెప్పులు కొంటావు. రెక్కలు రాగానే ఎగిరిపోతాడు. నువ్వు మళ్ళీ కిటికీ దగ్గర కూర్చుంటావు. జాలి వేరు, బతుకు వేరు.

కోర్టు, కాగితాలు అంటావేమిటి? కాగితం రాసుకుంటే పరాయివాడు మనవాడవుతాడా? ఆ పేరున్నవాడు మన గడప తొక్కడానికి వీల్లేదు. ఎక్కడి నుంచి వచ్చాడో అక్కడికే పంపెయ్. నువ్వు మెతకదానివి, పంపలేవు. అందుకే మీ ఇంటి పెద్దమ్మగారికి కూడా ఒక ముక్క రాశాను, సలీంని ఆ ఇంట్లో ఉండనివ్వొద్దని, నువ్వేం చెప్పినా వినొద్దని. ఆవిడ గట్టి మనిషి.

నా మాట కోసం చూస్తూ ఉంటానన్నావు. ఇదే నా మాట. వాడు ఉన్నంతకాలం నేను ఆ ఇంటికి రాను.

తమ్ముడు

&nbsp;

ఏప్రిల్ 3

తమ్ముడికి,

నీ మాట అందింది. పెద్దమ్మగారికి రాసిన ముక్క కూడా అందింది. ఆవిడ దాన్ని పట్టుకుని మెట్లెక్కి వచ్చి, "మీ తమ్ముడికి ఇంత కోపం ఎందుకమ్మా, పాపం" అంది. కాగితం తిరిగి ఆవిడ చేతికే ఇచ్చాను.

నువ్వు ఒప్పుకుంటావనే అనుకున్నాను. ఒప్పుకోకపోయినా నెమ్మదిగా చెబుతావనుకున్నాను. పరాయివాడన్నావు. సరే, అది నీ అభిప్రాయం. కానీ పేరు చూసి మనిషిని గెంటేయమంటావా? ఆ పేరు వాడు అడిగి పెట్టించుకున్నది కాదు. ఎవరో చేసిన పనికి ఎవరినో శిక్షించడం నీకు ఎప్పుడు అలవాటైంది?

జరిగింది రాస్తాను, విను. మార్చి ఆఖర్న ఆఫీసరమ్మ ఇల్లు చూడటానికి వచ్చింది. నా గదులు చూసింది, బీరువా తెరిచి బట్టలు చూసింది, బాగుందంది. వెళుతూ వెళుతూ కింద పెద్దమ్మగారితో మాట కలిపి, "చుట్టాలకి ఇష్టమేనా?" అని అడిగింది. ఆవిడకి అబద్ధం రాదు. నీ ఉత్తరం తెచ్చి చూపించింది.

ఆఫీసరమ్మ మళ్ళీ పైకొచ్చింది. నిలబడే మాట్లాడింది. "బాధ్యత తీసుకోవాల్సిన ఒక్క మనిషీ వద్దంటున్నాడు. ఇలాగైతే నేను కోర్టుకి మంచి మాట రాయలేనమ్మా. జూలై లోపు అతని సమ్మతి తెప్పించండి, లేకపోతే పిల్లాణ్ణి వెనక్కి తీసుకెళ్ళాల్సి వస్తుంది" అంది. ఆ మాట అంటున్నప్పుడు వాడు అక్కడే ఉన్నాడు. నాలుగేళ్ళవాడికి అన్నీ అర్థమవుతాయి. ఆవిడ వెళ్ళాక చెప్పులు వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. ఎక్కడికి అని అడిగితే, "వెళ్ళాలంట కదా" అన్నాడు.

నిన్ను బతిమాలడానికి రాయడం లేదు. జరిగింది తెలియాలని రాస్తున్నాను.

అక్క

&nbsp;

ఏప్రిల్ 24

అక్కా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చింపేశాను.

మొన్న రేవులో కంపెనీ మనిషి ఒక ఉత్తరాల కట్ట ఇచ్చాడు. మా ఓడ జనవరిలో దారి మార్చుకుని వేరే రేవుకి వెళ్ళింది కదా, అప్పటినుంచీ ఆ కట్ట, తర్వాత వచ్చినవి కలుపుకుంటూ, మా వెనకాలే తిరుగుతోందట. పైన నువ్వు ఏప్రిల్లో రాసింది ఉంది. అది ముందు చదివాను. నాలుగేళ్ళవాడు అన్న చోట ఆగిపోయాను. కట్టంతా విప్పితే అడుగున జనవరిలో రాసింది దొరికింది. పుట్టుమచ్చ, దరఖాస్తు, సున్నం, నా పేరు రాసిన గడి, అన్నీ అందులోనే ఉన్నాయి.

అంతవరకూ నాకు ఏమీ తెలియదక్కా. సలీం ఇంటికి వచ్చాడంటే బావ వచ్చాడనుకున్నాను. డిసెంబర్లో నేనే కదా, వస్తాడు వస్తాడు అని రాసింది. మళ్ళీ పెళ్ళి చేసుకుంటావు కాబోలు, కోర్టంటే అదే కాబోలు అనుకున్నాను. తల దగ్గర చెప్పులు పెట్టుకోవడం కూడా బావకి తగ్గట్టే ఉంది, లారీ సత్రాల్లో పడుకునే అలవాటు కదా.

నేను రాసినవన్నీ ఆయన మీద రాసినవి. నువ్వు వాటిని ఒక పసివాడి మీద చదువుకున్నావు. రెక్కలు రాగానే ఎగిరిపోతాడు అని. నిన్ను క్షమించమని అడగగలను. వాణ్ణి ఏమని అడగను?

ఆఫీసరమ్మకి విడిగా ఉత్తరం రాశాను. జరిగిన పొరపాటు మొత్తం, మొదటి నుంచి చివరిదాకా. సమ్మతి పత్రం రాసి దాని మీద మా కెప్టెను ఎదుట సంతకం పెట్టాను, ఆయన ముద్ర కూడా వేశాడు. ముద్ర వేసేముందు ఎందుకని అడిగాడు, చెప్పాను. ఆయన నవ్వలేదు. పెద్దమ్మగారికి కూడా రాశాను. మూడూ ఈ కవరులోనే ఉన్నాయి.

ఒక్క మాట అడగనా, కోప్పడనంటేనే. కోర్టులో ఖాయం చేసేటప్పుడు పేరు మార్చుకోవచ్చంటారు, నిజమేనా? పిల్లాడి మీద నాకే అభ్యంతరమూ లేదు. కానీ ఆ పేరు. రోజుకి యాభైసార్లు పిలవాలి. పొద్దున్నే లేపాలి, అన్నానికి పిలవాలి, అల్లరి చేస్తే కేకేయాలి. అన్నిసార్లూ ఆ మనిషి గుర్తుకు రాడా? వాడు ఇంకా చిన్నవాడు, ఇట్టే మరిచిపోతాడు. కరెంటాయనని అడిగాను, దగ్గరగా ఉండే పేర్లేమున్నాయని. సాలిం, సల్మాన్ చెప్పాడు. సులేమాన్ కూడా అదేనా అంటే ఒప్పుకోలేదు, అది వేరే దారిలో వచ్చిన పేరట. పేరు పాడు చేసిన మనిషి కోసం పేరు పారేస్తారా అని మాత్రం అడిగాడు. అతనికి మన బావ తెలియదు కదా.

నీకు ఏది మంచిదనిపిస్తే అది చెయ్యి.

తలెత్తుకోలేని
తమ్ముడు

&nbsp;

మే 15

ఒరేయ్,

కవరు అందింది. నీ సమ్మతి పత్రం ఆఫీసరమ్మకి ఇచ్చాను. చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇది నేను ఫైల్లో పెట్టాలి, నవ్వకూడదు" అంది. నీ గొడవ తీరినట్టే. నన్ను మాత్రం రెండు నెలలు ఏడిపించావు. పోనీలే, నేనూ వాడు ఎవరో మళ్ళీ రాయకుండా వదిలేశాను. వచ్చాడు, వచ్చాడు అని రాస్తే ఎవరనుకుంటావు మరి.

పెద్దమ్మగారు నీ ఉత్తరం నాచేత రెండుసార్లు చదివించుకుంది. అయినా నీ పెళ్ళాం లేని కోపమే అదంతా అని తేల్చింది.

పేరు సంగతికి వస్తాను. నువ్వు అడిగింది నేను ముందే అనుకున్నాను. వాడు వచ్చిన మొదటి వారంలో నేను వాణ్ణి పేరుతో పిలవలేదు. నాన్నా, బాబూ, ఇటు రా అంటూ నెట్టుకొచ్చాను. తర్వాత ఒక వారం వేరే పేరు పెట్టి చూశాను. ఏం పేరో రాయను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది. వాడు పలికాడు. అదే నాకు నచ్చలేదు. ఏ పేరుతో పిలిచినా పలికేలా ఉన్నాడు. ఆశ్రమంలో ఎవరో అన్నారట, చెప్పిన మాట వింటే ఉంచుకుంటారని. సాయంత్రం బొమ్మ లారీ తోసుకుంటూ తనలో తను చెప్పుకుంటున్నాడు, "సలీం లారీ ఎక్కాడు, సలీం దిగాడు." నాకు వినపడగానే ఆపేశాడు.

ఆశ్రమం వాళ్ళని అడిగాను, ఆ పేరు ఎవరు పెట్టారని. తల్లి ఆసుపత్రిలో పోయిందట. చుట్టాలెవరూ రాలేదు. వాడికప్పుడు రెండేళ్ళు. పక్కమంచం ఆవిడ చెప్పిందట, వాళ్ళమ్మ సలీం అని పిలిచేదని. వాడి గురించి తెలిసింది అదొక్కటే. వాడి సామానంతా ఆ పేరే. అది నేను తీసి పారేయనా?

పైగా ఆ పేరు నుంచి తప్పించుకోవాలన్నా కుదరదు. దుకాణానికి వచ్చేవాళ్ళలో ఎంతమంది సలీంలో. మందులషాపు సలీం, కిటికీ అద్దాలు బిగించే సలీం, ట్యూషను సలీం మాస్టారు. వీధికి ఒకరు తగులుతారు.

ఇంకో సంగతి. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. నువ్వు అన్నావు చూడు, పిలిచినప్పుడల్లా ఆ మనిషి గుర్తుకు రాడా అని. దాని గురించి ఆలోచించాను. పదకొండేళ్ళ కాపురంలో నేను ఆయన్ని ఒక్కసారైనా పేరు పెట్టి పిలిచానా? లేదురా. ఏమండీ అన్నాను. లేకపోతే ఆయన, మీ బావ, మా ఇంటాయన. కోపంలో కూడా నోరు జారలేదు. ఆ పేరు నీ నోటికి పాతది, వీధి నోటికి పాతది. నా నోటికి కొత్తదే. వాణ్ణి పిలిచేదాకా నేను ఎవర్నీ సలీం అనలేదు. ఇప్పుడు ఎక్కడైనా ఏమండీ అని వింటే మాత్రం ఒళ్ళు జలదరిస్తుంది. అందుకని మారిస్తే ఏమండీని మార్చాలి.

వాడి కుడికన్ను కొంచెం మసక. అన్నం మెతుకుని కూడా కంటి దగ్గర పెట్టుకుని చూసి తింటుంటే అనుమానం వచ్చి డాక్టరుకి చూపించాను. కళ్ళజోడు నేనే చేశాను. అంచు మూడుసార్లు అరగదీశాను, ఎక్కడా గీసుకోకూడదని. పెట్టుకుని బయటికి వెళ్ళి తిరిగొచ్చి, "గోడకి ఇటుకలున్నాయి" అన్నాడు.

వాడికో ఉత్తరం రాయి. మావయ్య ఓడలో ఉంటాడని చెప్పాను. నమ్మడం లేదు.

అక్క

&nbsp;

జూన్ 8

అక్కా,

నువ్వు రాసింది చదివాక పేరు గురించి మళ్ళీ నోరెత్తను. అయినా కరెంటాయన చెప్పింది నీకు చెప్పకపోతే నాకు తోచదు.

ఉక్కపోతకి ఇద్దరం పైకి వచ్చి కూర్చున్నాం. నీ ఉత్తరం సంగతి చెప్పాను. తన చొక్కా జేబులోంచి పెన్సిలు తీసి మూడు అక్షరాలు రాశాడు. స, ల, మ. వాళ్ళ భాషలో మూడేసి అక్షరాల నుంచి మాటలు పుట్టుకొస్తాయట. ఈ మూడింటి నుంచే సలాం వచ్చింది, సలీం వచ్చింది, ఆడపిల్లలకి సలీమా వచ్చింది. సలీం అంటే ఏ దెబ్బా తగలనివాడు, చెక్కుచెదరనివాడు. చాలా పాత పేరట. అక్కడి నుంచి అరబీ రాని దేశాలకీ పాకింది. కొన్నిచోట్ల సెలీం అంటారు. అక్కడి సుల్తానుల్లో ముగ్గురికి ఆ పేరుందట. వాళ్ళ ఊళ్ళో ముస్లిములూ పెట్టుకుంటారు, క్రైస్తవులూ పెట్టుకుంటారు. అతని చిన్నప్పటి దోస్తు ఒక క్రైస్తవ సలీం అట. మా ఓడలో తలా ఒక దేశంవాళ్ళం. భోజనాల దగ్గర అడిగి చూశాం. ఒకడి మేనమామ, ఒకడి ఇంటి ఓనరు, ఒకడి కుక్కని తీసుకుపోయిన పొరుగువాడు. సలీం తెలియనివాడు ఒక్కడూ లేడు.

"ఇంత మంచి అర్థం ఉండి మా బావ అలా ఎందుకు తయారయ్యాడు?" అని అడిగాను. "పేరు కోరిక మాత్రమే, హామీ కాదు" అన్నాడు.

తర్వాత ఇంకొకటి చెప్పాడు. వాళ్ళ పాత అరబీలో పాము కరిచినవాణ్ణి కూడా సలీం అనేవారట. నాకు అర్థం కాలేదు. కరిచాక చెక్కుచెదరనివాడు ఎలా అవుతాడు? కావాలనే అలా అనేవారట. బతకాలని. కాటు పడిందన్న మాట నోటితో అనకుండా, బాగున్నాడు, బాగున్నాడు అంటూ ఉండేవారట. అప్పుడు నేనన్నాను, మేమూ అంతే కదా అని. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. పోతూ పోతూ వెళ్ళొస్తానంటాం. దీపం ఆరిపోతే కొండెక్కిందంటాం. అతనికి నిండుకున్నాయి మాట భలే నచ్చింది. ఇప్పుడు టీపొడి అయిపోయినప్పుడల్లా వంటవాడి దగ్గరికి పోయి, "నిండింది, నిండింది" అంటున్నాడు. వాడు డబ్బా తెరిచి చూసి తిడుతున్నాడు.

ఇదంతా విన్నాక వాళ్ళమ్మ గురించి ఆలోచించాను. ఆవిడకి ఈ అర్థాలన్నీ తెలిసి పెట్టి ఉండదు. వినడానికి బాగుందనో, ఇంట్లో ఎవరికో ఉందనో పెట్టి ఉంటుంది. ఎలా పెట్టినా ఆసుపత్రి మంచం మీద నుంచి పిలిచింది ఆ పేరుతోనే కదా.

వాడికి రాసిన ఉత్తరం విడిగా పెట్టాను. ఓడ బొమ్మ వేశాను. పొగ ఎక్కువైంది. చదివి వినిపించు.

మీ ఇద్దరి
మావయ్య, తమ్ముడు

&nbsp;

జూలై 2

తమ్ముడూ,

ఓడ బొమ్మ గోడకి అంటించాడు. పొగ దగ్గర వేలుపెట్టి, "ఇక్కడ మావయ్య" అంటున్నాడు. నువ్వు అడుగునుంటావని ఎంత చెప్పినా వినడు.

నువ్వు డిసెంబర్లో రాసింది నిజమైంది. ఆయన వచ్చాడు. కంగారుపడకు, ఇది అయిపోయిన సంగతి.

దుకాణానికి వచ్చాడు. ఆ శనివారం బడి లేదని పిల్లాణ్ణి వెంట తెచ్చుకున్నాను. వెనక గదిలో స్టూలెక్కి కూర్చుని పాడైన ఫ్రేముల్ని ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి సర్దుతున్నాడు. ఆయన ముందు గదిలో చూపు పరీక్ష చేయించుకుని, చీటీ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. వయసుకి వచ్చే దగ్గరి చూపు మందగింపు. అందరికీ వచ్చేదే. జుట్టు పలచబడింది. చొక్కా మాత్రం ఉతికి ఇస్త్రీ చేసి ఉంది, ఎవరో చేసి పెడుతున్నారన్నమాట.

నేను చీటీ తీసుకున్నాను. మా దగ్గర ప్రతివాళ్ళనీ పేరు అడిగి కవరు మీద రాసుకోవాలి.

"పేరు?" అన్నాను.

"నీకు తెలీదా?" అని నవ్వాడు.

"రాయాలి. చెప్పండి."

చెప్పాడు. రాశాను. అప్పుడు గొంతు తగ్గించి, "విన్నాను. నువ్వు వీధిలో నా పేరు పెట్టి పిలుస్తున్నావని లారీల దగ్గర ఎవరో అన్నారు. పిల్లాణ్ణి తెచ్చుకుని నా పేరు పెట్టుకున్నావట. అంత ప్రేమ ఉంటే ఒక కబురు పెట్టొచ్చు కదా" అన్నాడు.

ఐదేళ్ళ తర్వాత మనిషి ఇంత నమ్మకంగా ఎలా మాట్లాడతాడో చూడు. నాకు కోపం రాలేదు. కవరు మీద తేదీ వేస్తూ ఉండగా వీడు స్టూలు దిగి వచ్చి ఆయన చేతిలోని పాత కళ్ళజోడు పెట్టె చూశాడు.

"నీ పేరేంటి బాబూ?" అన్నాడు ఆయన, తెలిసీ.

"సలీం. నీ పేరు?"

"నాదీ అదే."

వీడు కళ్ళజోడు సర్దుకున్నాడు. "నీకెవరు పెట్టారు?"

"మా అమ్మ."

"నాకూ మా అమ్మే పెట్టింది" అని మళ్ళీ వెళ్ళి స్టూలెక్కాడు.

ఆయన నా వంక చూశాడు. వీడు అన్న అమ్మ నేను కాదని ఆయనకి అర్థమైందో లేదో తెలియదు. ఏదో మాత్రం అర్థమైంది. నవ్వు తగ్గిపోయింది. "అంటే, నా పేరు కాదా?" అన్నాడు. అంత మెల్లగా ఆయన మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

"కాదు. వాడి పేరు. వచ్చేటప్పుడే తెచ్చుకున్నాడు" అన్నాను. తర్వాత, "సోమవారం మధ్యాహ్నానికి అద్దాలు సిద్ధమవుతాయి" అన్నాను.

తలూపి వెళ్ళిపోయాడు. గుమ్మం దగ్గర ఆగి వీడి వైపు ఒకసారి చూశాడు, అంతే. అద్దాలు సోమవారానికల్లా చేసి పెట్టాను. పని పనే కదా. ఆయన రాలేదు. కవరు ఇంకా అరలోనే ఉంది. మా యజమాని ఎదురుచూసి చూసి ఫ్రేము విప్పేయమంటున్నాడు.

నువ్వు అడగకముందే చెబుతున్నాను. ఆ సాయంత్రం కొంచెం బాధపడ్డాను. ఆయన కోసం కాదు. ఒక మనిషి అంత దూరం నుంచి తన పేరు వినపడిందని వచ్చి, అది తనది కాదని తెలుసుకుని వెళ్ళడం చూడటానికి బాగుండదు. అంతే.

కోర్టు తేదీ వచ్చే నెల మొదటి వారంలో. ఆఫీసరమ్మ మంచి మాటే రాసిందట.

అక్క

&nbsp;

ఆగస్టు 6

తమ్ముడూ,

అయిపోయింది. నిన్న ఖాయం చేశారు.

కోర్టు అంటే ఏదో అనుకున్నాను. చిన్న గది, ఒక బల్ల, పైన తిరుగుతూ కీచుమంటున్న పంకా. జడ్జిగారు పెద్దావిడ. కాగితాలు తిరగేసి, నీ సమ్మతి పత్రం దగ్గర ఆగి, "ఈయన ఓడలో పనిచేస్తాడా?" అని అడిగింది. అవునన్నాను. "పేరు మార్పు ఏమైనా కోరుతున్నారా?" అంది. లేదన్నాను. గుమాస్తా ఆ చోట ఒక గీత గీశాడు. వీడు ఇదంతా చూడలేదు, పంకా వైపే చూస్తున్నాడు. బయటికి వచ్చాక, "అది పడుతుందా?" అని అడిగాడు.

ఆఫీసరమ్మ మాతో పాటు మెట్ల దాకా వచ్చింది. ఇక నేను రాను, అని చెప్పింది. నాలుగు నెలలు ఆవిడ అడుగుల చప్పుడుకి భయపడ్డాను కానీ, రానంటే మాత్రం ఏదోలా అనిపించింది. ఎప్పుడైనా కళ్ళజోడు మార్చుకోవాలంటే రండి అన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్టాండులో జనం. సాయంత్రం, ఆఫీసులు వదిలే వేళ. టిక్కెట్టు తీసుకోవడానికి చెయ్యి వదిలాను. తిరిగి చూస్తే వీడు లేడు. బల్లల వెనక లేడు, నీళ్ళ కుళాయి దగ్గర లేడు. ఆరు నెలల్లో వీడు నా పక్కనుంచి అడుగు కదలలేదు, అందుకే నేనూ అంత జాగ్రత్తగా లేను. ఎవరేమనుకుంటారో కూడా చూసుకోకుండా గొంతు చించుకుని పిలిచాను, "సలీం" అని.

ఎంతమంది తిరిగారో చెప్పలేను. టిక్కెట్ల గూట్లో కూర్చున్నాయన తల బయటపెట్టాడు. మూట మోస్తున్న ముసలాయన ఆగాడు. పత్రిక చదువుతున్న కుర్రాడు లేచి నిలబడి, "ఏంటమ్మా?" అన్నాడు. వాళ్ళమ్మ పిలిచిందనుకున్నాడు కాబోలు.

వీడు బస్సు వెనక నుంచి వచ్చాడు. పరిగెత్తలేదు. కళ్ళజోడు ఎగదోసుకుంటూ, చేతిలో ఎవరో పారేసిన టిక్కెట్టు ముక్క పట్టుకుని, నింపాదిగా నడిచి వచ్చాడు. ఉలిక్కిపడిన మొహం కాదు. అమ్మ పిలిస్తే ఆట మధ్యలో ఆపి వచ్చే పిల్లల మొహం, విసుగు మొహం.

"ఏంటీ, అరుస్తావు? ఇక్కడే ఉన్నా కదా" అన్నాడు.

మిగతావాళ్ళకి, మిమ్మల్ని కాదండీ అని చెప్పాను. ముసలాయన మూట సర్దుకుని వెళ్ళిపోయాడు. మేము బస్సెక్కాం.

అక్క